మిరియాల పొట్లాల్లో పోయిన చివరి పేజీలు

నేను పుస్తకం చదవకుండా పుస్తక చర్చకు వెళ్లే మనిషిని. ఒప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. నిజామాబాద్‌లో మా వీధి చివర సరళ టీచర్ ఇంట్లో నెలకొక ఆదివారం పదకొండుమందిమి ఆడవాళ్లం కలుస్తాం. పుస్తకం ముందు నెలలోనే అనుకుంటాం. అందరూ చదివి వస్తారు, నేను వెనక అట్ట చదివి వస్తాను. దుకాణంలో పెరిగినదాన్ని, నాలుక మీద వేసుకోని సరుకు గురించి కూడా పావుగంట మాట్లాడగలను. టీచర్‌కు ఈ సంగతి తెలుసు. తెలిసి కూడా రానిస్తుంది, ఎందుకంటే పుస్తకాలు తెప్పించేటప్పుడు ఫోన్‌లో బేరం చేసేది నేనే. పది తీసుకుంటే పదకొండోది ఊరికే ఇవ్వాలని హైదరాబాద్ వాళ్లతో గట్టిగా మాట్లాడి ఒప్పిస్తాను. ఆ పదకొండోది నాది. ఊరికే వచ్చిన పుస్తకాన్ని చదవాలని ఏ చట్టంలో ఉంది?

ఈసారి వచ్చింది లావుపాటి పాత చారిత్రక నవల. ఎప్పుడో రాసింది, ఇన్నాళ్లకు మళ్లీ అచ్చయింది. అట్ట మీద గుర్రం బొమ్మ చూసి రాజుల కథ కాబోలు అనుకుని అల్మారా మీద పెట్టి, మిర్చి బజ్జీల కోసం చర్చకు వెళ్లాను. బ్యాంకులో పనిచేసే స్వాతి మొదలుపెట్టింది. "నాకైతే కోపం వచ్చింది మేడం. అంత లావు పుస్తకం చదివించి, ఆఖరికి ఆయన లడాయి నుంచి తిరిగొచ్చిండా లేదా చెప్పడా? ఇది మోసం కాదా?" ఇంకొకామె, అలా చెప్పకపోవడంలోనే గొప్పతనం ఉందంది. మరొకామె యుద్ధం ఎప్పటికీ ముగియదనడానికి అది సూచన అంది. నేను నాలుగు చోట్ల తల ఊపి రెండో బజ్జీ అందుకున్నాను. అప్పుడు సరళ టీచర్ కళ్లద్దాలు సర్దుకుని, తనకు నచ్చిన భాగమని ఒక పేజీ పైకి చదివింది. "వీరేశము కొరడా యెత్తలేదు. ముత్తెమా యని పిలిచెను. పిలిచినంతనే యా యెద్దు బురదలో దిగబడిన ఫిరంగిని కదల్చెను."

బజ్జీ చేతిలోనే ఆగిపోయింది. ఆ ఎద్దు నాకు తెలుసు. ముత్తెం ఎడమకాడి ఎద్దు. దానికి ఒక కన్ను సరిగా కనపడదు. కుడికాడి దాని పేరు మొండయ్య. టీచర్ ఇంకా చదవకముందే ఈ రెండు ముక్కలూ నా నోట్లోంచి వచ్చేశాయి. గది గదంతా నన్ను చూసింది. "శకుంతలా, నువ్వు చదివినావా!" అంది టీచర్, ఎండాకాలం మంచు పడితే చూసినట్టు. చదివాను. ఈ పుస్తకాన్ని మొదటి నుంచి చివరి దాకా, కాదు, చివరికి కొంచెం ముందు దాకా, పన్నెండేళ్ల వయసులో గొంతెత్తి చదివాను. ఆ కొంచెం నేను ఎక్కడి నుంచి తెచ్చానో ఎవరికీ చెప్పలేదు. దాన్ని నమ్మిన మనిషి బోధన్‌లో ఇంకా ఉంది. నా వల్లే ఆమె బతుకు అలా అయిందని ఇన్నేళ్లుగా నాకొక అనుమానం.

మా దుకాణం బోధన్ బజారులో ఉండేది. పొద్దున బాపు, అంటే మా నాన్న, చెక్క పలకలు ఒక్కొక్కటే తీసి గోడకు చేర్చేవాడు. ప్రతి పలక మీద సుద్దతో అంకె ఉండేది. ముప్పై ఏళ్లుగా అవే పలకలు తీసి పెడుతున్నా అంకె చూడకుండా పెట్టేవాడు కాదు. ముంగిట్లో నీళ్లు చల్లి, ఊదుబత్తి వెలిగించి, తక్కెడకు మొక్కేవాడు. అవ్వ, అంటే బాపు తల్లి, గోనెసంచి మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తూ, వచ్చిన ప్రతి కొత్త బెల్లాన్నీ నాలుకకు తగిలించుకుని "పోయినేడుది మంచిగుండె" అనేది. పోయినేడు కూడా అదే మాట అంది. చెరుకు ఆడే రోజుల్లో చక్కెర ఫ్యాక్టరీ వైపు నుంచి గాలి మళ్లితే ఊరంతా మాడిన తీపి వాసన. మా బట్టలకు, జుట్టుకు, మంచినీళ్ల కుండకు కూడా అదే వాసన. దాని మీద మా దుకాణం వాసనలు: పసుపు, ఎండుమిర్చి, గాసునూనె, తడి గోనె. ఇప్పటికీ కళ్లు మూసి ఏ డబ్బా ముందు నిలబెట్టినా అందులో ఏముందో చెప్పగలను. అందులో పుస్తకం ఉంటే మాత్రం చెప్పలేను.

మా ఇంట్లో ఒక మాట నిషేధం. గిరాకీ ఏదడిగినా "లేదు" అనకూడదు. కుంకుమపువ్వు అడిగితే, మా తాత కూడా ఆ దుకాణంలో కుంకుమపువ్వు చూసి ఉండడు, బాపు తడుముకోకుండా "రేపు దిగుతది పటేలా, అందాక గీ యాలకులు చూడు" అనేవాడు. ఒకసారి నేను మర్చిపోయి ఒకామెతో లేదన్నాను. ఆమె వెళ్లాక బాపు తిట్టలేదు. "లేదంటే లక్ష్మి ఎన్కకు మర్రుతది బిడ్డా. ఏదో ఒకటి చేతుల పెట్టి పంపాలె" అన్నాడు మెల్లగా. తిట్టి ఉంటే మర్చిపోయేదాన్ని.

పొట్లాలు కట్టడానికి రద్దీ, అంటే చిత్తుకాగితం, తూకానికి కొనేవాళ్లం. పాత లెక్కల పుస్తకాలు, పరీక్ష కాగితాలు, పంచాంగాలు, అన్నీ. పుస్తకమైతే వెనక నుంచి చింపాలి. ముందు నుంచి చింపితే కుట్టు ఊడి మొత్తం చెదిరిపోతుంది. వెనక నుంచి ఒక్కో ఆకు తీస్తే ఆఖరి ఆకు దాకా నిలబడుతుంది. అందుకే మా దుకాణంలో ఏ కథకూ ముగింపు ఉండేది కాదు. మొదళ్లు మాత్రం దండిగా ఉండేవి. ఊరు మారి వెళ్తున్న ఒక ఉద్యోగి ఇంటి రద్దీలో ఆ పుస్తకం వచ్చింది. అట్ట లేదు, పేరున్న ఆకు లేదు. లోపల ఫిరంగి బొమ్మ చూసి నేను దాన్ని పక్కకు లాగాను. "ఏముందే అండ్ల?" అంది అవ్వ. "లడాయి ఉందవ్వా" అన్నాను. అప్పటి నుంచి మాకది లడాయి పుస్తకం.

పగలు రెండు గంటలకు ఫ్యాక్టరీ భోంగా మోగాక బజారు కునుకు తీసేది. అదే మా చదువు వేళ. నేను బియ్యం బస్తా ఎక్కి కూర్చునేదాన్ని. కింద అవ్వ. అరుగు మీద కుట్టుమిషన్ ముందు రజియా ఆపా. ఆమె మా దుకాణం గోడను ఆనుకున్న ఒంటి గదిలో ఉండేది. గదిలో వెలుతురు చాలదని మిషన్ తెచ్చి మా అరుగు మీద పెట్టుకుంది. ఇరవై నాలుగు, ఇరవై ఐదేళ్లుంటాయేమో. పెళ్లయి రెండేళ్లు, భర్త ఫౌజులో లారీ డ్రైవరు. అప్పుడు తూర్పు సరిహద్దులో నిజంగానే యుద్ధం నడుస్తోంది. నాలుగో మనిషి వర్ని నుంచి ధాన్యం బండి తోలుకొచ్చే గంగన్న. బండి ఖాళీ చేశాక ఎండ తగ్గేదాకా ఎడ్లకు విశ్రాంతి ఇవ్వాలి కాబట్టి, గంగన్న కూడా మా అరుగు మీద వాలేవాడు.

పుస్తకంలో భాష పెద్దది. నేను చదివింది చదివినట్టు అప్పజెబితే అవ్వ నిద్రపోయేది. అందుకని "పోయెను"ను "పోయిండు" చేసి, మూడు వాక్యాలను ఒకటి చేసి, అడవి వర్ణన వస్తే "చెట్లున్నయి" అని ముందుకు నడిపేదాన్ని. కథ ఇది. ఒక కొండకోట ముట్టడి. ఆ కోట మీదికి ఫిరంగులు లాగే ఎడ్ల బండ్లను తోలడానికి ఊళ్ల మీద పడి రైతులను పట్టుకుపోతారు. అలా పోయినవాడు వీరేశం. ఊళ్లో అతని భార్య గౌరాంబ. ఒక అధ్యాయం కోట దగ్గర, ఒక అధ్యాయం గౌరాంబ దగ్గర.

మేం ఆ పుస్తకం గురించి చర్చించలేదు. అందులో జొరబడ్డాం. గంగన్నకు రాజులు, సేనాపతులు పట్టలేదు. "ఒంటి కన్ను ఎద్దును ఎడమ కాడికి కట్టిండ్రా? రాసినోడు ఎన్నడన్న బండి తోలిండా?" అని మొదటి రోజే తగవు పెట్టుకున్నాడు. మర్నాడు తన ఎద్దుకు ఒక కన్ను గుడ్డతో మూసి బజారులో రెండు వైపులా కట్టి చూసి వచ్చి, "ఎడమకే మంచిగ నడిచింది. రాసినోడు తెలిసినోడే" అని రాసినాయనకు సర్టిఫికెట్ ఇచ్చాడు. అవ్వ బాధ వేరు. "అంత మంది సిపాయిలకు వండేదెవరే? రొట్టెలెవరు కొడుతుండ్రు? పొగ రాలేదా? ఒక్క వంటామె గురించి రాయలే వీడు!" యుద్ధ వర్ణన వస్తే అవ్వ చెయ్యి అడ్డం పెట్టి, "ముందుగాల తిన్నరా చెప్పు" అనేది. నేను లేని సంకటి, లేని పచ్చిపులుసు వండి సైన్యానికంతా వడ్డించి, అప్పుడు యుద్ధం మొదలుపెట్టేదాన్ని.

రజియా ఆపా ఏమీ అనేది కాదు. కోట అధ్యాయాల్లో మిషన్ గడగడ నడిచేది. గౌరాంబ దగ్గరికి వచ్చేసరికి కాలు నెమ్మదించేది. ఒకరోజు గౌరాంబ, వీరేశం చెప్పులను రోజూ తుడిచి గడప పక్కన పెడుతుందని చదివితే, ఆపా "పాగల్" అని నవ్వింది. ఆ సాయంత్రం ఆమె గదిలోకి మా అవ్వ పంపిన పెసరపప్పు ఇవ్వడానికి వెళ్తే, తలుపు వెనక మేకుకు తగిలించిన ఖాకీ చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. నేనేమీ అడగలేదు. ఆమే "దుమ్ము పట్టింది బేటీ, అందుకే" అంది.

అంతలో ఉత్తరాలు ఆగిపోయాయి. యుద్ధం అయిపోయిందని రేడియో చెప్పింది, బజారులో మిఠాయి పంచారు, ఉత్తరం మాత్రం రాలేదు. కొన్నాళ్లకు ఒక సర్కారు కాగితం వచ్చింది. ఇంగ్లిషులో ఉంటే బాపు పోస్టుమాస్టరుతో చదివించాడు. జాడ తెలియడం లేదని ఉంది. బతికాడని లేదు, పోయాడనీ లేదు. బాపు అరుగు మీద నిలబడి, ఎన్నడూ లేనిది, మాటలు వెతుక్కున్నాడు. "చెల్లె, దేవులాడుతుండ్రట" అన్నాడు చివరికి. ఆపా కాగితం మడిచి మిషన్ సొరుగులో పెట్టి, "బేటీ, రెండయ్యింది. చదువు" అంది. ఆ రోజు నుంచి ఆమె మిషన్ ఆపి, చేతులు ఒళ్లో పెట్టుకుని వినేది. నాకు ఆ నిశ్శబ్దంలో చదవడం కష్టంగా ఉండేది.

పుస్తకం ముగింపుకు వచ్చింది. ఒంటరిగా ముందుకు చదవడం నాకు నిషేధం. "ముందే తింటే మాకు వడ్డించేటప్పుడు చెయ్యి ఎంగిలైతది" అని అవ్వ శాసనం. కాబట్టి ఏమవుతుందో నాకూ తెలియదు. వీరేశానికి, రాత్రికి రాత్రి ఫిరంగిని కందకం దాకా తోలమని ఆజ్ఞ వచ్చిన దగ్గర ఆపాం. మర్నాడు అంగడి, అంటే వారపు సంత. అంగడి నాడు మా దుకాణం ముందు మనిషి మీద మనిషి. బాపు తూచేవాడు, నేను పొట్లం కట్టేదాన్ని. మిరియాలు, జీలకర్ర, ధనియాలు. చేతికి ఏ కాగితం అందితే అది; వెనక నుంచి ఒక ఆకు, ఒక మడత, ఒక మెలిక. పొద్దు తిరిగి గిరాకీ పలచబడ్డాక, కట్టిన పొట్లం మీద "గౌరాంబ" అన్న అక్షరాలు కనపడి కిందికి చూశాను. నా కాళ్ల దగ్గర ఉన్న రద్దీ లడాయి పుస్తకం. దాన్ని పైన గూట్లో పెట్టాల్సింది మర్చిపోయిందీ నేనే, చివరి నుంచి శ్రద్ధగా చింపి, కుట్టు చెదరకుండా బజారంతా పంచిందీ నేనే. చేతిలో మిగిలిన ఆకులో గౌరాంబ వాకిలి ఊడుస్తోంది, అంతే. ఎరిగిన నాలుగిళ్లకు పరుగెత్తాను. రెండిళ్లలో పొట్లాలు పొయ్యిలోకి వెళ్లాయి. ఒకామె ఇచ్చిన ముక్కలో సేనాపతి గుర్రానికి దాణా గురించి ఉంది. నాలుగో ఆమె "పిల్లకు కాగితాల పిచ్చి పట్టింది" అని బాపుకు చాడీ చెప్పింది.

మర్నాడు రెండింటికి భోంగా మోగింది. ముగ్గురూ వచ్చి కూర్చున్నారు. వర్ని నుంచి గంగన్న ఆ రోజు బండి లేకపోయినా వచ్చాడు. పుస్తకం పోయిందని చెప్పొచ్చు. చెప్పాలనే బస్తా ఎక్కాను. కాని ఆపా ముఖం చూశాక నోట్లోంచి ఆ మాట రాలేదు. ఏదో ఒకటి చేతుల పెట్టి పంపాలె. చినిగిన పుస్తకం వెనక ఒక పాత పంచాంగం ఆకులు దోపి, కళ్లు దాని మీద పెట్టి, చదవడం మొదలుపెట్టాను.

దుఃఖం ఉంటేనే నిజం పుస్తకంలా ఉంటుందని నాకొక అంచనా. అందుకని వీరేశాన్ని చంపేద్దామనే బయలుదేరాను. "గుండొచ్చి తగిలింది. వీరేశం కందకంల పడ్డడు" అన్నాను.

ఆపా ఊపిరి వినపడింది. "పడ్డడా, సచ్చిండా?"

"పడ్డడు ఆపా. సచ్చినట్టు రాయలే."

"ఊపిరి ఉన్నదేమో కింది వరుసల చూడే" అంది అవ్వ.

పంచాంగంలో దుర్ముహూర్తం చూస్తూ, "ఉన్నదవ్వా. కాని కాలు పోయింది" అన్నాను.

"మొత్తమా?" అంది ఆపా.

"మోకాలు కిందికి."

"సరిగ్గ చూడు బేటీ. తొందరపడకు."

గంగన్న ముందుకు వంగాడు. "ఫిరంగి గుండు తాకితే మోకాలు కిందికే ఎట్ల పోతది? విరిగి ఉంటది. విరిగిందనే ఉంటది చూడు."

చూశాను. చూసినకొద్దీ తగ్గించాను. బేరమాడుతున్నామని వాళ్లెవరికీ తెలియదు, నాకు మాత్రం తెలుస్తూనే ఉంది. నేను చావు దగ్గర మొదలుపెట్టాను, ఆపా అటు వైపు కొసన కూర్చుంది. చివరికి మధ్యలో ఒక చోట కుదిరింది. "విరిగింది. అతికింది. కాని సక్కగ అతకలే. కుంటుకుంట ఇంటికొచ్చిండు. గౌరాంబ వాకిలి ఊడ్స్తుంటే ఎదురుంగ నిలబడ్డడు. కథ ఒడిసింది."

అవ్వ కళ్లు తుడుచుకుంది. గంగన్న "ఎద్దు? ముత్తెం వచ్చిందా?" అని అడిగితే, దాన్నీ తోలుకొచ్చేశాను, అప్పటికి నాకు మాట ధారాళంగా వస్తోంది. రజియా ఆపా లేచి నా తల మీద చెయ్యి పెట్టి, తన గదిలోకి వెళ్లింది. కాసేపటికి అరుగు మీదికి తిరిగొచ్చి మిషన్ ముందు కూర్చుంది. నాకు ఎంత గర్వం! బాపు కూడా అమ్మలేని సరుకు అమ్మాననుకున్నాను.

ఆ గర్వం కొన్ని నెలలే ఉంది. నాందేడ్ నుంచి ఆపా అన్న వచ్చాడు. ఆమె గదిలో మాట్లాడితే మా దుకాణంలో వినపడుతుంది. బోధన్ బజారులో పుట్టినవాళ్లకు ఉర్దూ ఎవరూ నేర్పనక్కర్లేదు. ఒంటరిగా ఇక్కడెందుకు, మా ఇంట్లో ఉండు, గది ఖాళీ చెయ్యి అంటున్నాడు అన్న. ఆపా గొంతు నిదానంగా ఉంది. "ఆయన వస్తే తాళం చూసి ఎక్కడికి పోవాలె? కుంటుకుంటనైనా వస్తడు భాయిజాన్." ఆ కుంటు నాది. పంచాంగంలోంచి తీసి ఇచ్చింది నేను. నాలుగేళ్లు గడిచాక అన్న మళ్లీ వచ్చాడు. ఈసారి, భర్త జాడ లేక నాలుగేళ్లయితే మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని మతపెద్దలను అడిగి తెలుసుకుని, నాందేడ్‌లోనే బట్టల దుకాణమున్న ఒక మంచి మనిషి సంబంధం తెచ్చాడు. నెమ్మదస్తుడు, భార్య పోయినవాడు. అప్పటికి నాకు పదహారేళ్లు, ఆ మాటల బరువు పూర్తిగా తెలిసే వయసు. గోడకు చెవి ఆనించి, ఒప్పుకో ఆపా, ఒప్పుకో అని లోపల లోపలే వేడుకున్నాను. ఆమె మళ్లీ అదే మాట అంది. కుంటుకుంటనైనా వస్తడు. అన్న ఇక రాలేదు. ఆమె భర్తా రాలేదు.

తర్వాత నేను నిజామాబాద్ గంజ్‌లో, అంటే ధాన్యం మార్కెట్‌లో, వ్యాపారం చేసేవాళ్ల ఇంటికి కోడలిగా వెళ్లాను. పుట్టింటికి వెళ్లినప్పుడల్లా ఆపాకు సలాం చెప్పి, జాకెట్ గుడ్డ ఇచ్చి, ఎక్కువ కుట్టు కూలి ఇవ్వబోయి ఆమె చేత తిట్లు తిని వచ్చేదాన్ని. నిజం చెప్పాలని ప్రతిసారీ అనుకునేదాన్ని. గుమ్మం దాకా వచ్చిన మాటను బాగున్నవా అనే మాటలో చుట్టి వెనక్కి తెచ్చుకునేదాన్ని. పొట్లం కట్టడంలో నాకెప్పుడూ లోటు లేదు.

సరళ టీచర్ ఇంటి నుంచి వచ్చిన రాత్రి ఆ చివరి పేజీలు చదివాను. మర్నాడు పుస్తకం సంచిలో పెట్టుకుని బోధన్ బస్సెక్కాను. దారి పొడుగునా నా చిన్నతనంలో చెరుకు ఉన్న చోట ఇప్పుడు వరి. ఫ్యాక్టరీ భోంగా మోగని ఊళ్లో రెండయిందని ఎవరికి వాళ్లు ఫోన్‌లో చూసుకుంటున్నారు. మా దుకాణం ఎప్పుడో అమ్మేశాం; అక్కడిప్పుడు సెల్‌ఫోన్లు. అడిగితే అన్నీ ఉన్నాయంటున్నాడు ఆ దుకాణదారు కూడా. గోడ పక్క గది మాత్రం అలాగే ఉంది, ఇంకో గది జతయింది. ముందు గదిలో ముగ్గురు అమ్మాయిలు మిషన్ల మీద ఉన్నారు, ఆపా దగ్గర పని నేర్చినవాళ్లు. ఆమె మంచం మీద కూర్చుని చేత్తో కాజాలు కుడుతోంది. చూపు కొంత తగ్గింది, వేళ్లు తగ్గలేదు.

"శకూ! ఏంది చెప్పకుంట వచ్చినవ్? ఇంట్ల కొట్లాడినవా?"

"లేదు ఆపా. ఒక మాట చెప్పాలె." కూర్చుంటే చెప్పలేనని నిలబడే చెప్పాను. అంగడి, మిరియాలు, పంచాంగం, కాలు. మొత్తం. చెప్పేటప్పుడు ఎక్కడా తగ్గించలేదు.

ఆమె సూది గుడ్డలో గుచ్చి ఆపింది. "అంటే కాగితం లేకుండెనా?"

"లేకుండె."

"వీరేశం కుంటుకుంట వచ్చింది?"

"నేనే తెచ్చిన."

ఆమె నవ్వుతుందని, పోనీలే అంటుందని నేను లోపల ఎక్కడో లెక్క వేసుకుని వచ్చానని అప్పుడు తెలిసింది. ఆమె నవ్వలేదు.

"రెండేండ్లు చూసిన నేను" అంది. "నిజంగ చూసిన. బస్సు చప్పుడైతే తలుపు తీసేదాన్ని. ఎవడన్న కుంటుకుంట నడిస్తే వాని ఎన్క నడిచిన ఒకసారి, సంత దాక. ఆ రెండేండ్లు నీవల్లనే పోయినయి శకూ. పన్నెండేండ్ల పోరివి, నిన్నేం అంటం. కాని పోయినయి."

ఆమె గుడ్డలోంచి సూది మళ్లీ తీసింది.

"గట్లని మొత్తం బతుకు నీ మీదేసుకోకు. రెండేండ్లయినంక వస్తడనే ఆశ ఇడిసిపెట్టిన. అప్పటికి నా మిషన్ నాకుండె, గిరాకి ఉండె, గీ గది తాళంచెవి నా నడుముకుండె. నాందేడ్ పోతే వదిన చేతి కింద రొట్టెలు కొట్టాలె. ఆ బట్టల దుకాణమాయనకు ముగ్గురు పిల్లలు, ఒక ముసలి తల్లి. నాకొద్దనిపించింది. ఆడది వద్దంటే ఎవడింటడు? ఆయన వస్తడంటే మాత్రం అందరు చప్పుడు చేయకుంట ఊకున్నరు."

ఊరుకున్నవాళ్లలో నేనొకదాన్ని. ఇన్నేళ్లు ఆమె బతుకును నేనే నిర్ణయించాననుకుని, బాధ పడుతూనే దాని వెనక కొంచెం పెద్దరికం కూడా అనుభవించాను కాబోలు. నా సరుకు ఎంత దూరం నడిచిందో అని. ఆమె దాన్ని కొన్నదీ, వాడుకున్నదీ, అరిగాక దాన్నే తలుపుకు గొళ్లెంగా వేసుకున్నదీ వేరే తెలివితో. బేరం తెలిసినదాన్నని నాకున్న పేరు ఆ మంచం పక్కన నిలబడి వదులుకున్నాను. ఆ రెండేళ్లు మాత్రం నావే. వాటికి ఎవరితోనూ బేరం లేదు.

"అసలుది తెచ్చినవా?" అంది.

మంచం అంచున కూర్చుని చివరి అధ్యాయం చదివాను. గౌరాంబ వాకిలి ఊడుస్తుంది. దారిన పోయేవాళ్లను అడుగుతుంది, తెలియదంటారు. దుక్కికి వేళవుతుంది. పక్కింటి అతని ఎద్దులను అడిగి తెచ్చుకుని తానే కాడి కడుతుంది. కొండకోట వైపు పొగ ఆగిపోయి ఉంటుంది. ఆమె అటు ఒకసారి చూసి మేడి పట్టుకుంటుంది. అంతే పుస్తకం. భాష కూడా మార్చలేదు, "పట్టెను" అని ఉంటే పట్టెను అనే చదివాను.

ఆపా ఇంకా ఏదో ఉందన్నట్టు చూసింది. "వచ్చిండా లేదా రాయలేదా?"

"రాయలేదు."

"రాసినాయనకే తెల్వదన్నడు. నీకు తెలిసింది!" అని, అప్పుడు నవ్వింది, పళ్లులేని నోటితో, ముందు గదిలో అమ్మాయిలు మిషన్లు ఆపి తొంగి చూసేంత గట్టిగా. తర్వాత దిండు గోడకు ఆనించుకుని, కాళ్లు బార్లా చాపి, నా చేతిలో పుస్తకాన్ని వేలితో వెనక్కి తిప్పింది. "మొదటికెల్లి చదువు. నడుమ నడుమ ఎంత కల్తీ కలిపినవో చూస్త."

సైన్యానికి నేను వండి పెట్టిన సంకటి గుర్తొచ్చి గొంతు సవరించుకున్నాను. మధ్యాహ్నం బస్సు వెళ్లిపోయింది. నేను మొదటి పేజీ తీశాను.